తుప్పు పట్టిన పాత స్పోర్ట్స్ కారు రోడ్డెక్కించొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో నాన్న కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది, బ్రిటిష్ ట్రయంఫ్ హెరాల్డ్‌నే మన దేశంలో ఆ పేరుతో చేశారు. మా బావమరిది దగ్గర మద్రాసు నుంచి కొనుక్కొచ్చిన ఎర్ర ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఉంది, టాపు లేని రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఈ రెండింటి పుణ్యమా అని, గూడూరు నుంచి ఒంగోలు దాకా ఎవరి షెడ్డులో పాత కారు బయటపడినా ఫోను నాకే వస్తుంది. నేను మెకానిక్‌ని కాను. డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నవాణ్ణి. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అక్కడక్కడా తుప్పుంది గానీ కారు చూడ్డానికి బాగానే ఉంది. నడపొచ్చా?

ఫోన్లో చెప్పలేను. ఫోటో చూసి కూడా చెప్పలేను. వాట్సాప్‌లో వచ్చే ఫోటోలన్నీ బానెట్టువి, డోర్లవి. నాకు కావలసింది కారు కిందిది. అది మాత్రం ఎవరూ పంపరు.

తుప్పు ఎంతుంది అని అందరూ అడుగుతారు. ముందు అడగాల్సింది ఎక్కడుంది అని. డిక్కీ మూతకు అరచేయంత చిల్లు పడితే లోపలికి వాన కురుస్తుంది, అంతే. ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్ బిగించిన చోట రూపాయి బిళ్లంత రేకు తినేస్తే ప్రాణం మీదికొస్తుంది. తుప్పు కనపడిన ప్రతిచోటా ఈ రేకు దేన్ని మోస్తోంది అని చూడండి. ఏమీ మోయకపోతే తీరిగ్గా చేయించుకోవచ్చు. చక్రాన్నో, బ్రేకునో, స్టీరింగునో, సీటునో మోస్తుంటే మాత్రం సంగతి తేలేదాకా తాళంచెవి ఇంట్లో ఆడవాళ్ల చేతికివ్వండి. వాళ్లయితే మళ్లీ ఇవ్వరు.

హైదరాబాదులో మా చిన్నాన్న కారుకు ఇంత తుప్పు లేదు. మాదే ఎందుకిలా అయింది?

గాలి. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పుంటుంది. రేకు మీద పేరుకున్న ఉప్పు గాల్లోని తేమను లాగి పట్టుకుంటుంది. వాన పడకపోయినా రాత్రంతా రేకు తడిగానే ఉంటుంది. ఆ ఉప్పుతడి తుప్పును తొందర చేస్తుంది. దానికి తోడు రొయ్యల చెరువుల రోడ్లు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు తిరిగేవాళ్లకు తెలుసు, సరుకు బండ్లు దారి పొడవునా నీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఆ నీళ్లు మన కారు అడుగుకు చిమ్ముతాయి. వాన నీళ్లలో తడిసిన కారు ఆరుతుంది, ఉప్పునీళ్లలో తడిసింది ఆరినట్టు కనపడుతుంది.

ఇంకొకటి, మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వెనకాలే మంచు మొదలు. సందుల్లో చేరిన నీళ్లు ఆరడానికి ఎండ దొరకదు. ఉదయగిరి, కనిగిరి మెట్ట ఊళ్లలో షెడ్డులో పడి ఉన్న కారు, అల్లూరులో రోజూ తిరిగిన కారు కంటే బాగుండటం నేను చూశాను.

దయచేసి ప్లాస్టిక్ కవరు కప్పకండి. కారును ఉడకబెడుతున్నట్టే. గాలి ఆడే గుడ్డ కవరు చాలు, లేదా పైకప్పు ఉంటే ఏమీ వద్దు.

పైపై తుప్పుకు, ప్రమాదమైన తుప్పుకు తేడా ఏమిటి?

గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే తెల్లగా మెరిసే ఇనుము కనపడితే అది పైపైది. రుద్దేకొద్దీ గోధుమరంగు పొడి రాలుతూనే ఉండి, గుంటలు తేలితే అది లోపలికి దిగింది. పొరలు పొరలుగా అప్పడంలా లేస్తుంటే రేకు మందం సగానికి వచ్చిందనుకోండి. ఇనుము తుప్పుగా మారితే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన అతుకుల మధ్య తుప్పు చేరితే అతుకు ఉబ్బి విచ్చుకుంటుంది. పెయింటు కింద చిన్న చిన్న పొక్కులు కనపడ్డాయంటే తుప్పు చాలావరకు లోపలి వైపు నుంచి బయలుదేరి ఇప్పుడు మీకు మొహం చూపిస్తోందని అర్థం.

ఏయే చోట్ల తుప్పుంటే కారు కదపకూడదు?

బ్రిటన్‌లో ఏటా కార్లకు చేసే పరీక్షలో ఒక కొలత ఉంది. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్, సీటు బెల్టులు బిగించే చోటుకు 30 సెంటీమీటర్ల లోపల, అంటే అడుగు దూరంలో, బలం మోసే రేకు తుప్పుతో బాగా చిక్కిపోతే కారు ఫెయిలు. ఈ కార్లు పుట్టిన దేశం వాళ్లు పెట్టుకున్న లెక్క, మనకూ సరిపోతుంది. సుద్దముక్క తీసుకుని ఆ బోల్టుల చుట్టూ అడుగు దూరంలో గీత గీయండి. ఆ గీత లోపల స్క్రూడ్రైవర్ దిగితే బండి ఆగాల్సిందే.

టాపు లేని కార్ల దగ్గర ఇంకా జాగ్రత్త. మామూలు కారుకు పైకప్పు కూడా కొంత బలం. టాపు లేని కారును వంగకుండా పట్టేది అడుగుభాగమే, అందులో ముఖ్యంగా సిల్. డోరు తీస్తే కాలు దాటించే గుమ్మం కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే రేకు పెట్టె అది. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లాంటి వాటిలో చాసిస్, అంటే బాడీని మోసే ఇనుప చట్రం, విడిగా ఉండదు, సిల్లే కారుకు వెన్నెముక. బయటి రేకు కొత్తది వేసి మెరిపిస్తారు. దాని వెనక ఇంకా రెండు పొరలుంటాయి. అవి మిగిలాయో లేదో చూడాలి.

స్పిట్‌ఫైర్ సంగతి వేరు. దానికి చాసిస్ ఉంది కదా, సిల్ పోతే ఏం అంటారు చాలామంది. మా బావమరిదీ అన్నాడు. హెరాల్డ్ చాసిస్‌ను కురచ చేసి స్పిట్‌ఫైర్‌కు వాడారు, పక్కల చుట్టూ ఉండే పట్టాలను తీసేశారు. ఆ బలాన్ని బాడీ సిల్లుల మీద వేశారు. పైగా వెనక చక్రాలను ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టే చేతులు చాసిస్‌కు కాదు, బాడీకే బిగించి ఉంటాయి. అంటే సీటు వెనక రేకు పుచ్చిపోతే వెనక చక్రమే పక్కకు కొట్టుకుపోతుంది. చాసిస్ గట్టిగా ఉండీ ఉపయోగం లేదు.

హెరాల్డ్ వాళ్లకు కొంత ఊరట. దాని చాసిస్ చుట్టూ పట్టాలున్నాయి, బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించింది. కానీ ఆ పట్టాలూ, వాటిని మధ్య చాసిస్‌కు కలిపే అడ్డకమ్మీలూ ముందుగా తుప్పు పట్టేవే.

అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా ఉన్నవాళ్లు మాది స్పోర్ట్స్ కారు కాదు కదా అని దాటేయకండి. ఆ మూడింటికీ బాడీయే చాసిస్. ఈ లెక్కలన్నీ వాటికీ వర్తిస్తాయి.

ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

ముందుగా, జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి. ఇటుకలు పేర్చి కూడా వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఇనప స్టాండ్లు పెట్టండి, లేదా లారీలకు గుంట ఉన్న వర్క్‌షాపులో అరగంట అడగండి. మన ఊళ్లలో టీ డబ్బులకే ఒప్పుకుంటారు.

జాకీ ఎత్తడంలోనే మొదటి పరీక్ష అయిపోతుంది. కారు పుస్తకం చెప్పిన చోట జాకీ పెట్టి ఎత్తండి. చక్రం లేవకముందే కరకరమని శబ్దం వచ్చినా, రేకు లోపలికి నొక్కుకున్నా ఇక మిగతా పరీక్షలెందుకు, దించేయండి. మా హెరాల్డ్‌కు అదే జరిగింది. జాకీ పైకి పోయింది, కారు పోలేదు.

లేస్తే టార్చిలైటు, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ పట్టుకుని దూరండి. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. మంచి రేకు కంగుమంటుంది. పుచ్చింది మొద్దుగా మోగుతుంది, తట్టిన చోట మట్టీ పెంకులూ రాలతాయి. కొబ్బరికాయ కొనేటప్పుడు తట్టి చూసే చేతికి ఇది కొత్త విద్యేం కాదు. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా నొక్కండి. దిగితే దిగనివ్వండి. మీరు పొడవకపోతే అక్కడ చిల్లు లేదని కాదు కదా.

లోపల కార్పెట్లు మొత్తం తీయండి. ఇది చాలామంది చేయరు, జిగురు ఊడుతుందని భయం. కాళ్లు పెట్టే చోట మూలలు, సీటు బోల్టుల చుట్టూ, బ్యాటరీ పెట్టే పళ్లెం కింద చూడండి. బ్యాటరీ నీళ్లు కారి రేకును తినేసిన కార్లు లెక్కలేనన్ని. ఆ తర్వాత సిల్ కింద, డోర్ల కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలు వెతకండి. అవి మట్టితో మూసుకుపోయి ఉంటే సిల్ ఇన్నాళ్లూ తొట్టిలా నీళ్లు నిలబెట్టుకుందన్నమాట.

తుప్పును లప్పంతో కప్పేశారని ఎలా పట్టుకోవాలి?

ఫ్రిజ్జుకు అంటించే అయస్కాంతం చాలు. పెయింటు గీరుకోకుండా పలచటి గుడ్డలో చుట్టి డోర్ల కింద, చక్రాల పైఅంచుల దగ్గర, సిల్ పొడవునా ఆనించండి. అతుక్కుంటూ పోయి ఒకచోట జారిపడితే అక్కడ ఇనుము లేదు, లప్పం ఉంది. సొట్ట పూడ్చిన పలచటి లప్పం తప్పు కాదు, అందరూ పెడతారు. సిల్‌లో లప్పం ఉండటానికి మాత్రం ఏ కారణమూ ఒప్పుకోకండి. ఒకసారి కందుకూరు దగ్గర ఒక కారులో సిల్ లోపల గోనెసంచి ముక్క కుక్కి, పైన లప్పం రాసి, పెయింటు కొట్టి ఉంచారు. పనితనం మాత్రం ముచ్చటగా ఉంది.

కింద నల్లగా తారులాంటి కోటింగ్ కొత్తగా మెరుస్తుంటే నాకు భయం. అమ్మేముందు వేసిన కోటింగ్ తుప్పును ఆపడానికి వేసింది కాదు.

డోరు సరిగ్గా పడట్లేదు. కీలు వదులైందా, బాడీ వంగిందా?

డోరు తెరిచి దాని చివర పట్టుకుని పైకి ఎత్తండి. కీలు దగ్గర ఆడితే కీలుదే తప్పు. ఆడకుండా, డోరుకూ వెనక రేకుకూ మధ్య సందు పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే నాకు నచ్చదు. అలాంటప్పుడు ఇంకో పని చేయండి. కారు నేల మీద ఉండగా డోరు వేసి సందు చూడండి. తర్వాత సిల్ మధ్యలో కాకుండా ముందు చివర జాకీ పెట్టి కొద్దిగా ఎత్తి మళ్లీ చూడండి. సందు మారినా, డోరు బిగుసుకుపోయినా కారు నడుం దగ్గర వంగుతోంది. టాపు లేని కారులో అది సిల్ పోయిందని కారే చెప్పడం.

హెరాల్డ్‌కు, స్పిట్‌ఫైర్‌కు ముందు చక్రం ఊడి పడుతుందంటారు. నిజమా?

నిజమే, అయితే అది నిర్లక్ష్యం చేసిన వాటికి. ముందు చక్రాన్ని పట్టుకునే నిలువు ఇనుప కడ్డీ కింది చివర మరలు ఉంటాయి. అది ఇత్తడి రంగు దిమ్మలోకి తిరిగి కూర్చుంటుంది. ఆ దిమ్మను ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మరల మీదే చక్రం తిరుగుతుంది. దానికి పోయాల్సింది గేర్‌బాక్సులో పోసే 90 నంబరు చిక్కటి ఆయిలు. మన దగ్గర ఏ మెకానిక్‌కు ఇచ్చినా గ్రీజు గన్ను తీసుకుని కొట్టేస్తాడు. గ్రీజు ఆ మరల కిందిదాకా సరిగ్గా చేరదు, గట్టిపడుతుంది, పక్కన నీళ్లు చేరతాయి. ఇనుప మరలు తుప్పు పట్టి ఇత్తడిలో బిగుసుకుంటాయి. ఒకరోజు, సాధారణంగా కారు పార్కు చేస్తూ స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, కడ్డీ విరిగి చక్రం లోపలికి మడుచుకుపోతుంది. పార్కింగులో విరిగితే అదృష్టం. హైవే మీద విరిగితే ఏమవుతుందో రాయను.

ఇది బయటికి కనపడే తుప్పు కాదు. బాడీ అద్దంలా ఉన్న కారుకూ ఉండొచ్చు. అందుకే ట్రయంఫ్ జాతి కారు ఏది చేతికొచ్చినా, చరిత్ర తెలియకపోతే, ముందు చక్రాల దగ్గర అంతా విప్పి ఆ మరలు కళ్లతో చూసిన తర్వాతే నడపాలి. గుంటలు పడ్డ కడ్డీని రుద్ది మళ్లీ వేయకండి, మార్చండి. ఎడమది కుడిది మరలు వేర్వేరు దిక్కులకు తిరుగుతాయి, ఆర్డరు పెట్టేటప్పుడు చూసుకోండి. సామాన్లు ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. అప్పటినుంచి అప్పుడప్పుడూ ఆయిలు పోస్తుంటే దాని జోలికి పోనక్కర్లేదు.

బ్రేకులు బాగానే పడుతున్నాయి. పైపులకు కాస్త తుప్పుంటే ఏమైంది?

ఆ కాలపు కార్లలో చాలావాటికి బ్రేకు లైను ఒక్కటే. నాలుగు చక్రాలకూ అదే. ఎక్కడ ఒక్కచోట పైపు పగిలినా పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. మామూలుగా తొక్కితే ఆ పైపు తట్టుకుంటుంది. గేదె అడ్డం వచ్చి బలమంతా పెట్టి తొక్కినప్పుడే పగులుతుంది. అంటే మీకు అవసరమైన రోజే.

పైపును చాసిస్‌కు బిగించే క్లిప్పుల కింద ఎక్కువగా తింటుంది. క్లిప్పు తీసి తుడిచి చూడండి. గుంటలుంటే మొత్తం లైను మార్చేయండి. రాగి, నికెల్ కలిపి చేసిన పైపు దొరికితే అదే వేయండి, మన ఉప్పుగాలికి తుప్పు పట్టదు. రబ్బరు హోసులు పైకి బాగుండి లోపల ఉబ్బి మూసుకుపోతాయి, వయసు తెలియకపోతే అవీ మార్చాలి. బ్రేక్ ఆయిలు గాల్లో తేమను పీలుస్తుంది కాబట్టి లోపలి నుంచి కూడా సిలిండర్లకు తుప్పు పడుతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. ఏళ్లు నిలిచిన కారైతే మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు విప్పకుండా ఇంటి గేటు కూడా దాటకండి. బ్రేకు ఒకవైపుకు లాగుతుంటే ఎక్కడో ఒక పిస్టన్ తుప్పుతో బిగుసుకుందని అనుకోండి.

కాళ్ల కింద ఫ్లోరుకు చిన్న చిల్లులే. రేకు ముక్క పెట్టి కార్పెట్ వేసుకుంటే చాలదా?

సీటు బోల్టులకు దూరంగా ఉంటే చాసిస్ కార్లలో బలం సంగతి పెద్దది కాదు. పొగ సంగతి పెద్దది. పాత కార్లకు పొగను శుద్ధి చేసే పరికరాలేవీ ఉండవు, సైలెన్సర్ పైపు కూడా ఫ్లోరు కిందే పోతుంది. దానికీ తుప్పు చిల్లి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. దానికి వాసన లేదు. తలనొప్పి, మగత వస్తే ఎండదెబ్బ అనుకుంటారు. అద్దాలు దించుకుంటే చాలని నమ్మకండి. సైలెన్సర్, ఫ్లోరు రెండూ మూయించండి.

పెట్రోలు ట్యాంకు?

విప్పి, ఖాళీ చేసి, టార్చితో లోపల చూడండి. ఎర్రటి పొడి ఉంటే కడిగించాలి. చెమ్మ వాసన కాదు, పెట్రోలు వాసన డిక్కీలో వస్తుంటే అదే రోజు చూడండి. ట్యాంకును వెల్డింగ్‌కు ఇవ్వాల్సి వస్తే ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదమని గుర్తు చేయండి, ఆవిరే పేలేది.

టైర్లకు గీతలు నిండుగా ఉన్నాయి. మార్చాలా?

పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూడండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పదేళ్లు దాటితే గీతల మాట మర్చిపోండి. ఆ నాలుగంకెలే లేకపోతే, మూడే ఉంటే, అవి 2000కు ముందువి. స్టెప్నీకి కూడా ఇదే మాట.

మాది ఫైబర్ బాడీ. తుప్పు బాధ లేదుగా?

బాడీకి లేదు. మన దేశంలోనే చేసిన శాన్ స్టార్మ్ లాంటి స్పోర్ట్స్ కారుకు ఫైబర్ కింద ఉన్నది ఇనుమే. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లోటస్ ఎలాన్‌కు కూడా అంతే, మడిచిన రేకుతో చేసిన చాసిస్ మీద ఫైబర్ బాడీ. పైన పొక్కులు రావు కాబట్టి హెచ్చరిక కూడా ఉండదు, ఇంకా జాగ్రత్తగా కిందికి దూరాలి. పాత ఎంజీ టీసీ తరం కార్లకు బాడీ లోపల చెక్క చట్రం ఉంటుంది. వాటికి తుప్పుతో పాటు చెదలు కూడా వెతకాలి, మన నేలలో చెప్పక్కర్లేదు.

2021 వరదలో మునిగిన కారు తక్కువకు వస్తోంది. తీసుకోవచ్చా?

ఆ నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు, నెల్లూరు పల్లపు వీధుల్లో మునిగిన బండ్లు చాలా ఉన్నాయి. అది ఉప్పునీళ్లు కాదు, అంతవరకు నయం. కానీ ఒండ్రు సిల్ లోపలికి, చాసిస్ గొట్టాల లోపలికి పోయి కూర్చుంటుంది. ఒండ్రు తడిని వదలదు. చాసిస్ గొట్టం చివరి రంధ్రంలో తీగ పెట్టి తిప్పండి. నల్లమట్టి రాలితే ధర ఇంకా సగం చేసి అడగండి, లేదా నమస్కారం పెట్టి రండి. నేనైతే రెండోది చేస్తాను.

ఆటోనగర్‌లో ఒకాయన రెండు రోజుల్లో రేకు వేసి ఇస్తానంటున్నాడు. ఇవ్వనా?

మనవాళ్లకు వెల్డింగ్ రాదని కాదు. లారీ బాడీ కట్టే చేతులవి. కానీ లారీ చాసిస్ మందం వేరు, ఈ కార్ల రేకు మందం వేరు. మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే రేకును లారీకి పెట్టే వేడితో కాలిస్తే పక్కన మంచి రేకు కూడా కాలిపోతుంది. సీఓటూ వెల్డింగ్, అంటే గ్యాసు వదులుతూ సన్నటి తీగతో చేసే వెల్డింగ్, ఉన్నచోటే ఇవ్వండి.

అడగాల్సిన మొదటి ప్రశ్న: పాత రేకు కోసేస్తావా, దాని మీదే వేస్తావా? మీదే వేస్తానంటే కారు వెనక్కి తెచ్చుకోండి. తుప్పు మీద కొత్త రేకు అంటిస్తే రెండింటి మధ్య తడి నిలిచి ముందుకంటే తొందరగా తింటుంది. అంచు దగ్గర పట్టుకునేది పుచ్చిపోయిన ఇనుమునే కాబట్టి బలమూ రాదు. మంచి ఇనుము తగిలేదాకా కోయాలి, దానికి అతకాలి.

రెండో ప్రశ్న టాపు లేని కార్ల వాళ్లకు. సిల్ కోసేముందు డోరు గుమ్మంలో అడ్డంగా ఇనుప కమ్మీలు వేసి బాడీని బిగిస్తావా? మా హెరాల్డ్‌కు అంత అవసరం రాలేదు. బావమరిది స్పిట్‌ఫైర్‌కు వచ్చింది. మొదట ఇచ్చినచోట, పేరెందుకులెండి, “ఏం కాదులే అన్నా, నేను చూసుకుంటా” అని సీట్లు కూడా తీయకుండా రెండు సిల్లులూ ఒకేరోజు కోసేశారు. కారు మధ్యలో అర అంగుళం కుంగింది. ఆ కుంగిన ఆకారంలోనే కొత్త సిల్లులు వెల్డింగ్ చేశారు. డోర్లు పడలేదు, డోర్లనే గ్రైండర్‌తో అరగదీసి పట్టించారు. పెయింటు వేశాక చూస్తే బ్రహ్మాండం. మళ్లీ అవన్నీ కోయించి, కమ్మీలు బిగించి, ఒక్కోవైపు చేయించడానికి మొదటి ఖర్చుకు మూడింతలైంది. డోర్లు మద్రాసులో పాతవి వెతికి కొన్నాం.

పని జరుగుతుండగా వెళ్లి ఫోటోలు తీసుకోండి. కోసిన రేకును పారేయకుండా ఉంచమనండి. బ్యాటరీ తీగలు విప్పించండి, ట్యాంకు దించించండి. లోపలి వైపు ప్రైమరు పడకుండా పెట్టెను మూసేయనివ్వకండి. మూసేశాక లోపలికి మైనం లాంటి ద్రవం కొట్టే గన్ను దొరుకుతుంది, సిల్ గొట్టాల్లో అది కొట్టించండి.

కాలిన ఇంజన్ ఆయిల్ కింద పూస్తే తుప్పు ఆగుతుందా?

మా నాన్న ఏటా పూసేవాడు. కొంత ఆగుతుంది, అబద్ధం చెప్పను. కానీ అది రబ్బరు బుష్‌లను పాడు చేస్తుంది, బ్రేకు లైనింగుల మీద పడితే ప్రమాదం, వాడిన ఆయిలు చర్మానికి మంచిది కాదు. దుమ్ము పట్టి కింద ఏముందో కనపడదు కూడా. వారానికోసారి అడుగుభాగం మంచినీళ్లతో కడిగి ఎండలో నిలబెట్టడం దానికంటే మేలు.

ఆర్‌సీ రెన్యువల్ అయింది. అంటే కారు క్షేమమనేగా?

కాదు. సొంత కారుకు 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి ఆర్‌సీ పొడిగిస్తారు. ఆ తనిఖీలో మీ సిల్‌లో ఎవరూ స్క్రూడ్రైవర్ గుచ్చరు. చట్టం ఆ బాధ్యతను నడిపేవాడి మీద పెట్టింది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం, లోపం ఉందని తెలిసి నడిపినా, మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగి ఉండి కనిపెట్టకపోయినా తప్పే. కాబట్టి నాకు తెలియదండీ అంటే కుదరదు.

50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కారైతే 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద నమోదు చేసుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలొస్తాయి. మొదటి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, మళ్లీ చేయించాలంటే 5,000. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే. సాయంత్రం ట్రంకు రోడ్డులో చక్కర్లు కొట్టాలనుకునేవాళ్లు ఆలోచించుకుని అప్లై చేయండి.

మెల్లగా నడుపుతాను, మైపాడు దాకా పోయి వస్తాను. ఏమవుతుంది?

మీరు 40లో పోతారు సరే. ఎదురుగా వచ్చే టిప్పర్ 40లో రాదు. మెల్లగా పోతే విరగని చోటు అంటూ లేదు, ట్రనియన్ సంగతి చెప్పాను కదా. ముప్పావు టన్ను కారుకు సిల్ కూడా లేకపోతే పక్కనుంచి ఆటో తగిలినా డోరు ఒళ్లోకొస్తుంది. సుద్ద గీతల లోపల తుప్పుంటే ట్రాలీ బండి మీద తీసుకెళ్లండి, తోసుకుంటూ వెళ్లండి, నడపకండి. గీతల బయట ఉంటే హాయిగా పోయి రండి, వచ్చాక కింద కడగండి.

అన్నీ చేయించాను. మొదటిసారి ఎలా నడపాలి?

ఖాళీ లేఔటులో, ఒంటరిగా కాకుండా, పిల్లల్ని ఎక్కించుకోకుండా. ముందు నిలబడి ఉన్న కారులోనే బ్రేకు బలంగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టండి. పెడల్ కిందికి జారితే ఎక్కడో కారుతోంది. జారకపోతే 20లో పోయి గట్టిగా ఆపండి, దిగి నాలుగు చక్రాల దగ్గరా తడి ఉందేమో చూడండి. హ్యాండ్ బ్రేకుతోనూ ఒకసారి. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పండి, ఎక్కడా పట్టేయకూడదు. గతుకుల మీద పోతూ డోర్ల సందు చూస్తుండమని పక్కవాళ్లకు చెప్పండి. ఇంటికొచ్చి కొత్త వెల్డింగుల దగ్గర పెయింటు చిట్లిందేమో టార్చితో వెతకండి. 50 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ బిగించండి.

రిపేరంటే మూడు లక్షలంటున్నారు. నాన్న కారు, అమ్మబుద్ధి కాదు.

అమ్మకండి. నడపకుండా ఉంచుకోవచ్చు కదా. చక్రాలకు స్టాండ్లు పెట్టి, గాలాడే చోట, బ్యాటరీ తీసేసి ఉంచండి. పెట్రోలు ఖాళీ చేయండి. డబ్బు చేతికొచ్చినప్పుడు సిల్, తర్వాత బ్రేకులు, ఆఖరున పెయింటు. అందరూ పెయింటుతో మొదలుపెడతారు, నేనూ అలాగే మొదలుపెట్టాను.

రిపేరయ్యాక మళ్లీ ఎప్పుడు చూడాలి?

ఏడాదికి రెండుసార్లు. సెప్టెంబరులో, వానలకు ముందు, నీళ్లు పోయే రంధ్రాలన్నీ తీగతో పొడిచి తెరవండి. మళ్లీ సంక్రాంతి సెలవుల్లో, వానలు వెనకబడ్డాక, కార్పెట్లు తీసి ఎండేసి, కారు ఎత్తి, అదే సుత్తి, అదే స్క్రూడ్రైవర్. మా ఇంట్లో కనుమ రోజు ఆ పని. పండక్కొచ్చిన అల్లుళ్లలో ఒకరు టార్చి పట్టుకుంటారు.